సంతోష్ ట్రోఫీ తొలినాళ్ళు

భారతదేశంలో ఫుట్‌బాల్ టోర్నమెంట్ల చరిత్ర 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్ నాటిదే అయినా, ప్రాంతాల జట్లు పరస్పరం తలపడే జాతీయ ఛాంపియన్‌షిప్ రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. పాత టోర్నమెంట్లు మొదట బ్రిటిష్ పటాలాలకూ, ఆ తర్వాత క్లబ్బులకూ పరిమితమయ్యాయే తప్ప, ఒక ప్రాంతపు ఆటగాళ్ళలోంచి ఏరి కూర్చిన జట్టుకు వాటిలో చోటుండేది కాదు. 1937లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడ్డాక ఆ లోటు తీరే దారి దొరికింది.

1941లో ఆరంభమైన ఈ పోటీకి ట్రోఫీని బహూకరించినది కలకత్తాలోని ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. పేరు దేశానిదైనా అది నడిపేది బెంగాల్ ఫుట్‌బాల్‌నే. ఆ సంస్థకు అధ్యక్షుడుగా పనిచేసి 1939లో మరణించిన మన్మథనాథ్ రాయ్ చౌదరి తూర్పు బెంగాల్‌లోని సంతోష్ సంస్థానానికి ప్రభువు కనుక, ఆయన స్మారకంగా ఇచ్చిన ఈ ట్రోఫీ పేరులో తెలుగువారి చెవికి తోచే సంతోషమేమీ లేదు, అది ఊరి పేరు.

తొలి ఫైనల్లో బెంగాల్ 5-1 తేడాతో ఢిల్లీని ఓడించింది. యుద్ధకాలంలో రెండేళ్ళు ఆగిన పోటీ 1944లో ఢిల్లీలో జరిగినప్పుడు ఆతిథ్య జట్టే బెంగాల్‌పై గెలిచింది. 1946లోనూ, 1952లోనూ బెంగళూరులో మైసూరు అదే పని చేసింది. వేదిక తరచూ మారడమన్న ఏర్పాటు లేకుంటే బెంగాల్ ఆధిపత్యానికి ఆ మాత్రం గండి కూడా పడేది కాదేమో. ఎందుకంటే దక్షిణాది మేటి ఆటగాళ్ళు పలువురు అప్పటికే కలకత్తా క్లబ్బుల్లో చేరిపోయారు. ఈస్ట్ బెంగాల్ 'పంచపాండవులు'గా పేరొందిన ఫార్వర్డ్ వరుసలోని అప్పారావు తెలుగువాడే.

ఈ ఆటగాళ్ళు పేరుకు అమెచ్యూర్లే. అయితే అమెచ్యూర్, అంటే ఆటనే వృత్తిగా చేసుకోని క్రీడాకారుడు, అన్న మాటకు ఆనాటి అర్థం కొంత సడలినదే: పోలీసు, రైల్వే, సైన్యం వంటి కొలువులు ఆటగాడికి జీతమిచ్చి సాధనకు వెసులుబాటు కల్పించేవి. హైదరాబాద్ బలమంతా అలా సిటీ పోలీసు జట్టు చుట్టూ పెరిగింది. 1949 ఫైనల్లో కలకత్తాలో బెంగాల్ చేతిలో 5-0తో చిత్తయిన హైదరాబాద్ మరుసటి ఏడు అక్కడే ఓటమిని 1-0కి పరిమితం చేయగలిగింది. 1950 నుంచి పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వ్యక్తిగత విన్యాసం కన్నా చురుకైన పాస్‌లకు పెద్దపీట వేశాడు. 1956లో ఫైనల్ 1-1తో సమమై, విజేతను తేల్చేందుకు మళ్ళీ ఆడించిన మ్యాచ్‌లో హైదరాబాద్ 4-1తో బొంబాయిని ఓడించింది; 1957లో సొంతగడ్డపై అదే ప్రత్యర్థిని 3-1తో గెలిచింది. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రం లేదు, జట్టు పేరు మాత్రం మిగిలింది. ఆంధ్రప్రదేశ్ పేరిట ట్రోఫీ రావడానికి 1965 దాకా, కొల్లంలో బెంగాల్‌పై గెలిచేదాకా, ఆగవలసి వచ్చింది.