చుక్క పడని ఇల్లు

మా చిన్నతనంలో వానాకాలం వచ్చిందంటే మా అమ్మకి గిన్నెల కరువు వచ్చిపడేది. కంచు గిన్నెలు, ఇత్తడి చెంబులు, ఆఖరికి నాన్నగారు గడ్డం గీసుకునే మగ్గుతో సహా అన్నీ ఇంటి నిండా తలో చోటా కొలువు తీరేవి. పెంకుటిల్లు మరి! ఒక మూల టప్పుమని, ఇంకో మూల టింగుమని రాత్రంతా ఒకటే సంగీతం. ఆ చప్పుడు బట్టి ఏ గిన్నె నిండబోతోందో మంచం మీంచి లేవకుండానే చెప్పేసేది అమ్మ.

ఏటా పెంకులు సర్దడానికి ఒక తాత వచ్చేవాడు. "కారేది ఇక్కడే గానీ కన్నం ఇక్కడ లేదు తల్లీ! నీళ్ళు వాసం పట్టుకుని ఎక్కడినుంచో నడిచొచ్చాయి" అనేవాడు. ఆ మాట అప్పట్లో నాకు నవ్వులాటగా వుండేది. దాని విలువ తెలియడానికి నేను సముద్రాలు దాటి మా చెల్లెలి దగ్గరికి వెళ్ళవలసి వచ్చింది.

చెల్లెలుండేది అమెరికాలో, సియాటిల్ దగ్గర. ఏడాదిలో సగం రోజులు సన్నగా ముసురు పడుతూనే వుండే ప్రాంతం. మా మరిదికి అడవులూ కొండలూ తిరగడమంటే ప్రాణం. చిన్న ట్రక్కు మీద కూర్చోబెట్టుకునే ఇంటిపెట్టె ఒకటి, పాతది, చవగ్గా కొన్నాడు. దాన్ని కాంపర్ అంటారు. ఏనుగు మీద అంబారీ చూశారూ, సరిగ్గా అలా వుంటుంది. లోపల పొయ్యి, నీళ్ళ తొట్టి, నలుగురు కూర్చునే బల్ల. డ్రైవరు నెత్తిమీదకి పొడుచుకొచ్చిన భాగంలో పడక. మా చెల్లెలు దానికి పూల తెరలు కుట్టింది, పోపుల డబ్బా సర్దింది. రెండో వానాకాలానికి పరుపు ఒక మూల తడిసింది. సరే, కిటికీ వేయడం మరిచిపోయామనుకున్నారు. మూడో ఏడు గోడ రేకు మీద వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది. వెనక వున్న చట్రం కర్ర నానిన బిస్కెట్టులా అయిపోయిందిట. ఆ మాట ఫోనులో చెబుతూ అది ఏడ్చింది. డబ్బు పోయినందుకు కాదు. "నా కళ్ళ ముందే, నేను కుట్టిన తెర వెనకాలే కుళ్ళిపోతూ వుంటే నాకు తెలియలేదే అక్కా!" అని.

అప్పటినుంచీ ఈ బండి ఇళ్ళ చరిత్ర మీద పడ్డాను నేను. చదివినకొద్దీ నాకు తట్టిన సంగతి ఒకటుంది. ఈ కథలో మలుపు తిరిగిన చోటల్లా ఎవరో ఒక ఇల్లాలి పేచీ కనిపిస్తుంది.

1920ల చివర లాస్ ఏంజలీస్‌లో వాలీ బయాం అనే ఆయన వుండేవాడు. ఆయనకి ఊళ్ళు తిరగడం సరదా. ఆవిడకి గుడారంలో కటిక నేలమీద పడుకోవడం సుతరామూ గిట్టదు. వంటిల్లు లేని ప్రయాణానికి నేను రానందిట. ఇంకేం చేస్తాడు? కారు వెనక లాక్కెళ్ళే వంటిల్లు కట్టాడు. అదే పెరిగి పెద్దదై 1936లో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అనే వెండి రంగు బండి అయింది. దానికి ఆదర్శం విమానం. అల్యూమినియం రేకుల్ని విమానానికి బిగించినట్టే వరసలు వరసలుగా రివెట్లతో బిగించారు. చూడ్డానికి ఎంత అందమో చెప్పలేను. అయితే ప్రతి రివెట్టూ ఒక కన్నమే కదా. కన్నం వున్నచోట వానకి ఆశ పుడుతూనే వుంటుంది.

అందరూ ఎయిర్‌స్ట్రీమ్ కొనలేరు కదండీ. మామూలు కాంపర్లకి కర్ర చట్రం కట్టి, దాని మీద పల్చటి రేకులు కొట్టి, అంచులు కలిసే చోట పుట్టీ లాంటిది పూసేవారు. బండి కదిలితే ఇంటికి భూకంపం వచ్చినట్టే. కర్ర ఒకలా, రేకు ఒకలా ఎండకి సాగుతాయి, చలికి ముడుచుకుంటాయి. పుట్టీ ఎండి బీటలు వారుతుంది. కప్పూ గోడా కలిసే మూల నీళ్ళు నిలుస్తాయి. అక్కణ్ణించి చట్రం పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి, ఎక్కడో పరుపు దగ్గర తేలతాయి. మన పెంకుల తాత చెప్పిందే!

దీనికి మందు ఎవరి దగ్గర దొరికిందంటే, పడవలు కట్టేవాళ్ళ దగ్గర. నీళ్ళలోనే బతికేవాళ్ళకి కదా నీటి గుట్టు తెలిసేది!

పూర్వం పడవంటే చెక్కలూ, ఆ చెక్కల మధ్య సందులూను. మన కోస్తాలో మసూలా పడవల్నయితే కొబ్బరి తాళ్ళతో బట్టలు కుట్టినట్టు కుట్టేవారు. పడవలో ఒకడు నీళ్ళు తోడుతూ వుండవలసిందే. సందే లేని పడవ కావాలంటే చెక్క కాని వస్తువేదో పుట్టాలి.

అది పుట్టిన తీరు తమాషాగా వుంటుంది. 1932లో ఒహాయో రాష్ట్రపు ఓవెన్స్ ఇల్లినాయిస్ గాజు కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే కుర్ర పరిశోధకుడు రెండు గాజు దిమ్మల్ని గాలి చొరకుండా అతకాలని తంటాలు పడుతున్నాడు. కరిగిన గాజు మీదకి గాలి జోరుగా తగిలి, గాజు కాస్తా సన్నటి పీచై చెదిరిపోయింది. అతుకు వేయబోతే దారం వచ్చింది! ఆ పీచుతో బట్ట నేశారు, మెత్తలు చేశారు. 1938లో అందుకోసమే ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ వెలిసింది. ఆ గాజు బట్టని పాలియెస్టర్ రెజిన్ అనే చిక్కటి జిగురులో తడిపి, 1942లో అదే ఒహాయోలో రే గ్రీన్ అనే ఆయన చిన్న తెరచాప పడవ చేశాడు. మేకు లేదు, సందు లేదు, ఒకటే డొప్ప!

ఆ పని ఎలా చేస్తారో మనకి ఇట్టే అర్థమవుతుంది. మన అమ్మమ్మలు చిత్తు కాగితాలు నానేసి, మెంతులు కలిపి రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి గంపలు చేసేవారు గుర్తుందా? అదే పద్ధతి. కాకపోతే అక్కడ బిందె బయట మెత్తుతాం, వీళ్ళు అచ్చు లోపల మెత్తుతారు. అచ్చుకి ముందు మైనం రాస్తారు, అంటుకోకుండా. తరవాత జెల్‌కోట్ అనే రంగు పూత. చివరికి బయటికి కనిపించే నిగనిగ మొట్టమొదట పడుతుందన్నమాట. దాని మీద గాజు మెత్త, మెత్త మీద రెజిన్, గాలి బుడగలు పోయేదాకా రోలరుతో ఒత్తడం, మళ్ళీ మెత్త, మళ్ళీ రెజిన్. రెజిన్‌కి పాలకి తోడు వేసినట్టు కాస్త మందు కలుపుతారు. తక్కువైతే తోడుకోదు, ఎక్కువైతే వేడెక్కి బీటలిస్తుంది. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీస్తే గిన్నె లాంటి పడవ!

రోడ్డు మీదకి ఈ విద్య వచ్చింది మళ్ళీ ఒక ఇల్లాలి మూలానే. కాలిఫోర్నియాలో బిల్ ట్రిట్ అనే ఆయన గ్లాస్‌పార్ పేరుతో ఫైబర్‌గ్లాస్ పడవలు చేసేవాడు. ఒక సైనిక మేజరు తన భార్యకి జీపు కొనిపెట్టాడు. ఆ మొరటు బండి ఆవిడకి నచ్చలేదు. మేజరుగారు ట్రిట్ దగ్గరికి పరిగెత్తారు. 1951లో ఆయన పడవ చేసినట్టే అచ్చు పోసి ఆ జీపు చట్రానికి ముచ్చటైన ఒళ్ళు తొడిగాడు. దాని మీద అందరి కళ్ళూ పడ్డాయి. రెండేళ్ళకి, 1953లో, షెవర్లే వాళ్ళ కార్వెట్ ఫైబర్‌గ్లాస్ ఒంటితోనే వచ్చింది. ఆ ఏడు చేసినవి 300 కార్లే. చెప్పొద్దూ, ఆ మొదటి కార్లలోకి వాన జల్లు వచ్చేదిట! ఒంట్లోంచి కాదు, పైన వేసుకునే గుడ్డ కప్పూ, పక్క తెరలూ సరిగ్గా కలవక. అంటే వస్తువు ఎంత మంచిదైనా సందు సందే.

ఇక ఇంటికి వద్దాం. కెనడాలో విన్నిపెగ్ వూళ్ళో రే ఒలెకో అనే ఆయన వుండేవాడు. అంతకు ముందు ఆయన చేసిన ఫైబర్‌గ్లాస్ వస్తువేమిటో చెబితే ముక్కు మూసుకుంటారు: మరుగుదొడ్డి కింద పాతిపెట్టే సెప్టిక్ ట్యాంకు! నవ్వకండి. లోపలి నీళ్ళని బయటికి పోనివ్వని తొట్టి, బయటి నీళ్ళని లోపలికి మాత్రం రానిస్తుందా? 1968లో ఆయన 13 అడుగుల బుజ్జి ఇల్లు చేశాడు. చిన్న కారయినా లాక్కుపోగలదు. బౌలర్ టోపీలా గుండ్రంగా వుందని బోలర్ అని పేరు పెట్టాడు. కింద ఒక డొప్ప, పైన ఒక డొప్ప, నడుం దగ్గర రెండిటికీ పెళ్ళి. ఆ అతుక్కి లోపల గాజు మెత్త వేసి అతికి, బయట పట్టీ చుట్టాడు. కిటుకంతా అక్కడుంది. అతుకు నెత్తిమీద లేదు, నడుం దగ్గర వుంది. కప్పు మీద పడ్డ వాన గుండ్రటి భుజాల మీంచి జారి పోతుంది గానీ ఎక్కడా నిలవదు. లోపలి అల్మరాలు కూడా పడవలో గదుల మధ్య గోడల్లా డొప్పకే కలిసి, కప్పుకి బలమిస్తాయి.

ఆ దారినే ట్రక్కు మీది కాంపర్లూ వచ్చాయి. 1970ల చివర కెనడాలోనే బ్రిటిష్ కొలంబియాలో బిగ్‌ఫుట్, 1989లో నార్తర్న్ లైట్ కంపెనీలు రెండు డొప్పల పద్ధతిలో కట్టడం మొదలుపెట్టాయి. పడక వుండే ముందు భాగం, ఎదురు గాలికి వాన విసిరి కొట్టే చోటు, అక్కడ మూలల అతుకులే లేకుండా పోయాయి.

అలాగని ఫైబర్‌గ్లాస్ అయితే చాలు, చుక్క పడదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కిటికీకి కన్నం కోయాలి. గాలి కోసం కప్పు మీద మూత పెట్టాలి. ప్రతి మర చుట్టూ లేపనం పూయాలి, ఎండిపోతే గీకి మళ్ళీ పూయాలి. రెండు పొరల మధ్య తేలిక కోసం చెక్క పెట్టినచోట మరో జాగ్రత్త పడవ వాళ్ళే నేర్పారు. మేకుకి కావలసిన దానికన్నా పెద్ద కన్నం తొలిచి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులో మళ్ళీ చిన్న కన్నం వేస్తారు. నీళ్ళు దిగినా చెక్కని తాకవు. నీరు రాదని ధీమా పడేవాడు పడవవాడు కాడు. వస్తే ఎటు వెళ్తుందో ముందే ఆలోచించేవాడే పడవవాడు.

మా చెల్లెలు ఈసారి పాతదే, కానీ రెండు డొప్పలది కొనుక్కుంది. మరిది ఒప్పుకోకపోతే తను రానని పేచీ పెట్టిందిట. చూశారా, మళ్ళీ ఇల్లాలే! కొనే ముందు బీరువాల్లోకి తలదూర్చి, మూలమూలా చెయ్యి పెట్టి తడిమి చూసిందిట.

పోయినసారి అమ్మ వెళ్ళినప్పుడు ఆవిణ్ణీ అందులో అడవికి తీసుకెళ్ళారు. రాత్రి కుండపోత. తెల్లారి చెల్లెలు కింద కాలు పెట్టబోతే నేలమీద అన్నం గిన్నె!

"ఏమిటమ్మా, ఎక్కడ కారింది?" అని హడలిపోయింది పాపం.

గిన్నె పొడిగా వుంది. అమ్మ ముసుగు తీసి, కొంచెం సిగ్గుపడుతూ అందిట:

"ఎక్కడా కారలేదే. పైన అంత వాన పడుతుంటే కింద గిన్నె లేకుండా నాకు నిద్ర పట్టలేదు."