మార్పిడా, నాటా?

హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో 'మార్చడం' అనే మాట పొద్దుట నుంచి రాత్రి దాకా వినిపిస్తూనే ఉంటుంది. బేరింగు అరిగింది, మార్చెయ్. బెల్టు తెగింది, మార్చెయ్. లేత్ మీద టూల్ బిట్టు మొద్దుబారింది, అదీ మార్చెయ్. పాతది విప్పి పక్కన పడేసి, కొత్తది బిగించి, స్విచ్ వేస్తే మిషన్ తిరుగుతుంది. ఇక దాని సంగతి ఎవరూ పట్టించుకోరు. 'కిడ్నీ మార్పిడి' అని పేపర్లో చదవగానే మనలో చాలామందికి మనసులో కదిలే బొమ్మ కూడా ఇదే: పాడైన భాగం తీశారు, బాగున్నది పెట్టారు, మనిషి బాగైపోయాడు.

కిడ్నీ విషయంలో అయితే ఈ మాట మొదటి అడుగులోనే తప్పుతుంది. ఆపరేషన్‌లో పాత కిడ్నీలను మామూలుగా తియ్యరు. ఎండిపోయిన ఆ రెండూ వెనక నడుము దగ్గర ఉన్నచోటే ఉంటాయి. కొత్తదాన్ని ముందువైపు, పొత్తికడుపులో ఓ పక్కన పెట్టి, కాలికి పోయే పెద్ద రక్తనాళాలకు కలిపి, దాని గొట్టాన్ని మూత్రాశయానికి కుడతారు. అంటే 'కిడ్నీ మార్పిడి' అయిన మనిషి ఒంట్లో ఉండేవి మూడు కిడ్నీలు. మారింది ఏమీ లేదు, ఒకటి వచ్చి చేరింది.

మార్పిడి మంచి మాటే, నాకు దానిమీద కోపం లేదు. దోచు నుంచి దోపిడి, రాచు నుంచి రాపిడి వచ్చినట్టే మార్చు నుంచి మార్పిడి. పంట మార్పిడి, నోట్ల మార్పిడి, మత మార్పిడి అని ఎక్కడ పడితే అక్కడ ఇమిడిపోతుంది. కాకపోతే మార్పిడికీ దోపిడికీ ఉన్న చుట్టరికం ఒక్క వ్యాకరణంతో ఆగలేదు. 2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు ఒక గుండెను మెట్రో రైల్లో 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో చేరవేశారు. బాలానగర్ స్టేషన్ ఉన్న ఎర్ర లైను మీదే. అదే నెలలో సరూర్‌నగర్‌లో కిడ్నీల దందా బయటపడింది. ఒకే మాట కింద రెండు వార్తలూ అచ్చయ్యాయి.

పక్క భాషలవాళ్లు ఏమంటున్నారో చూస్తే సరదాగా ఉంటుంది. తమిళంలోనూ మలయాళంలోనూ మనలాగే 'మార్పు' అర్థమే. హిందీవాళ్లు మాత్రం 'ప్రత్యారోపణ్' అన్నారు. సంస్కృతంలో రోపణమంటే మొక్క నాటడం. ఆయుర్వేదంలో పుండు మాన్పడాన్నీ రోపణమే అంటారు. ఎంత చక్కటి మాట! కానీ తెలుగులోకి తెచ్చుకునే యోగం మనకు లేదు. 'ఆరోపణలు, ప్రత్యారోపణలు' అనగానే మనకు గుర్తొచ్చేది శాసనసభ. 'అవయవ ప్రత్యారోపణ' అని రాస్తే కాలేయం లేచి ఊపిరితిత్తుల మీద ఎదురు నింద వేసినట్టుంటుంది. కన్నడంవాళ్లది ఇంకా ముచ్చటైన మాట: 'అంగాంగ కసి'. వాళ్లకు కసి అంటే అంటుకట్టడం. మనకేమో కసి అంటే కడుపులో పెట్టుకున్న పగ. ఇంగ్లీషులో వాడే ట్రాన్స్‌ప్లాంట్ కూడా లాటిన్ తోటల్లోంచి వచ్చిందే, దాని నడుమ ఉన్నది మొక్కే. ఇంతమంది నారు, మొక్క, అంటు అంటూ ఉంటే, ఏటా రెండు పంటలకు నడుం వంచి నాట్లేసే మనం మాత్రం స్పేర్ పార్టుల భాష ఎంచుకున్నాం.

అలాగని మార్పిడిని పూర్తిగా తోసెయ్యలేం. అది అచ్చంగా అతికే సందర్భం ఒకటుంది. భార్య కిడ్నీ ఇస్తానంటుంది, బ్లడ్ గ్రూపు కలవదు. ఇంకో ఇంట్లోనూ ఇదే చిక్కు. ఈ ఇంటావిడది ఆ ఇంటాయనకు, ఆ ఇంటావిడది ఈ ఇంటాయనకు సరిపోతే రెండు ఇళ్లూ గట్టెక్కుతాయి. డాక్టర్లు దీన్ని 'స్వాప్' అంటారు. మన పల్లెల్లో దీనికి ఎప్పటి నుంచో పేరుంది, కుండమార్పిడి. వీళ్ల పిల్లను ఆ ఇంటికిచ్చి, వాళ్ల పిల్లను ఈ ఇంటికి కోడలిగా తెచ్చుకునే పెళ్లి. కుండమార్పిడి పెళ్లిళ్లు ఒకే పందిట్లో చేసేసినట్టు, ఈ ఆపరేషన్లూ వీలైనంతవరకు ఒకే సమయంలో చేస్తారు. ఒకరు తీసుకున్నాక రెండోవారు మాట తప్పకూడదని. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడానికి కేంద్రం 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో 2011 సవరణతో చోటిచ్చింది. ఆ సవరణను స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానం చేసింది. చట్టం తెలుగు ప్రతిలో స్వాప్‌కు కుండమార్పిడి అని రాస్తే చదివినవాడికి వివరణ అక్కర్లేదు. రాయరనుకోండి.

ఇక మార్పిడి అనే ఆలోచన పనిచెయ్యక, నాటడం అనే ఆలోచన గెలిచిన చోటు మన నగరంలోనే ఉంది: బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. కార్నియా వైద్యుడు గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన సంస్థ. దాని ప్రాంగణానికి కల్లం అంజిరెడ్డి పేరు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీని స్థాపించకముందు ఆయన పనిచేసింది బాలానగర్ ఐడీపీఎల్‌లోనే. ఇంటిపేరు కల్లం, ధాన్యం నూర్చే చోటు. మాటల వెంట పడేవాడికి ఇలాంటివి కంటపడక మానవు.

యాసిడ్, కాస్టిక్ సోడా, సున్నం వంటివి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర కాలిపోతుంది. ప్లేటింగ్ షాపుల్లో ఒలికే ద్రావణం ఒక్కటే కాదు, పాన్‌లోకి వాడే సున్నం ప్యాకెట్టును పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే అది పగిలి కళ్లలో చిమ్మినా అంతే. అయితే అసలు నష్టం పొర కాలడంలో లేదు. ఆ పొర రోజూ అరిగిపోతూ, రోజూ కొత్తగా పుడుతూ ఉంటుంది. పుట్టించే మూలకణాలు నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే సన్నటి అంచులో ఉంటాయి. ఆ అంచు కాలిందంటే విత్తనమే పోయినట్టు. తెల్లగుడ్డు వైపు నుంచి ఎర్రటి నరాలతో ఒక పొర నల్లగుడ్డు మీదికి పాకి చూపును కప్పేస్తుంది. ఇలాంటి కంటికి చనిపోయినవారి కార్నియా, అంటే నల్లగుడ్డు పొర, తెచ్చి పెడితే? మార్పిడి అన్నమాటకు సరిగ్గా సరిపోయే పని అదే, పాతది తీసి కొత్తది కుట్టడం. కానీ కొన్నాళ్లకు కొత్తదీ మసకబారుతుంది. పైపొరకు ప్రాణం పోసే అంచు అక్కడ లేదు కదా.

ఒక కన్నే కాలితే, బాగున్న రెండో కంటి అంచు నుంచి కణాలు తెచ్చుకోవడమే దారి. మొదట్లో పెద్ద ముక్కలు కోసేవారు, దాంతో మంచి కంటికీ గండం. 1997లో ఇటలీ పరిశోధకులు చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో పెంచి పెట్టొచ్చని చూపించారు. హైదరాబాద్‌లో వీరేందర్ సాంగ్వాన్ బృందం ఆ దారిలో ఏళ్ల తరబడి నడిచి, 200 మంది రోగుల ఫలితాలను 2011లో ప్రచురించింది. 71 శాతం మందిలో పొర నిలిచింది. ల్యాబ్ అంటే నారుమడి అనుకోండి. అక్కడ పది పన్నెండు రోజులు పెంచి, తెచ్చి కంట్లో నాటడం. ఫలితం మంచిదే, కానీ అంత శుభ్రమైన ల్యాబ్ ఖర్చు ఎన్ని ఆసుపత్రులు భరించగలవు?

2012లో సాంగ్వాన్, సయన్ బసు, షెఫీల్డ్‌కు చెందిన షీలా మెక్‌నీల్, సీసీఎంబీ మాజీ డైరెక్టర్ డి. బాలసుబ్రమణియన్ కలిసి ఒక చిన్న పరిశోధన పత్రం అచ్చువేశారు. అందులో ఉన్నది ఆరుగురు రోగులు. వాళ్లు చేసిన పని ఇది. మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు పీలిక ఒకటి తీశారు. కాలిన కంటి మీద పాకిన పొరను ఒలిచి, శుభ్రం చేసి, కాన్పులో వచ్చే ఉమ్మనీటి సంచి పొరను దాని మీద పరిచి, జిగురుతో అతికించారు. ఆ పీలికను ఎనిమిది నుంచి పది తునకలు చేసి, చూపు పడే నడిమి చోటు వదిలేసి, చుట్టూ గుండ్రంగా ఎడం ఎడంగా అమర్చారు. తునక పైకీ కిందికీ తారుమారు కాకూడదు, కణాలున్న వైపే పైన ఉండాలి. చెరకు గడను ముచ్చెలుగా నరికి, కన్ను పైకి ఉండేలా చాళ్లలో పెట్టినట్టే. ఇక్కడ నిజంగానే కన్నులోనే పెడుతున్నారు! నారుమడి అవసరం లేకుండా కన్నే చేనైంది. ఆరుగురికీ ఆరు వారాల్లోపు పైపొర పూర్తిగా కమ్ముకుంది.

ఆరుగురితో ఏ పద్ధతీ నిలబడదు. 2016లో బసు తదితరులు 125 మంది ఫలితాలు వెలువరించారు. వాళ్లలో 65 మంది పెద్దవాళ్లు, 60 మంది పిల్లలు. 95 కళ్లలో, అంటే 76 శాతంలో, పొర నిలబడింది. ల్యాబ్‌లో పెంచి పెట్టినదానికి ఇది తీసిపోలేదు. ల్యాబ్ లేని ఊళ్లోనూ మామూలు ఆపరేషన్ గదిలో చెయ్యగల వైద్యం ఇక్కడ పుట్టిందని చెప్పుకోవడానికి మనం మొహమాటపడనక్కర్లేదు. ఆ పత్రాలు చదువుతుంటే ఎక్కడా ఏదీ మారినట్టు తోచదు. దున్నడం, పరచడం, నాటడం, పచ్చబడే దాకా కాపలా కాయడం, ఇవే కనిపిస్తాయి.

మరి 'నాటు' అని ఎందుకు అనలేకపోయాం? దానికీ కారణం ఉంది. నాడు నుంచి వచ్చిన నాటు వేరే ఉంది. నాటుకోడి, నాటుసారా అందులోవే. దాని పక్కన వైద్యం అనే మాట పెడితే ఏమవుతుందో చెప్పాలా? నాటువైద్యం! ఏ సర్జన్ ఒప్పుకుంటాడు? పేరుగా పనికిరాదు, నిజమే. క్రియగా వాడితే ఏ గందరగోళమూ లేదు. బాణం నాటుకుంది, మాట మనసులో నాటుకుంది అంటున్నాం కదా.

నాటుకు తోడుగా ఇంకో మాటుంది, అంటు. అంటుకట్టడంలో ఉన్నదీ, అంటువ్యాధిలో ఉన్నదీ ఒకటే అంటు, తగిలి పట్టుకోవడం. కిడ్నీ, కాలేయం, గుండె పెట్టించుకున్నవారి జీవితమంతా ఈ రెండు అంట్ల మధ్యే. పెట్టిన అవయవాన్ని పరాయిదని ఒళ్లు తోసెయ్యకుండా, అంటు నిలవడానికి, టాక్రోలిమస్ వంటి మందు రోజూ వేసుకోవాలి. అదే మందు ఒంటి కాపలాను సడలిస్తుంది కాబట్టి బయటి అంటు త్వరగా సోకుతుంది. డోసు కొంచెం తగ్గితే ఆ అంటు ఊడుతుంది, కొంచెం పెరిగితే ఈ అంటు తగులుతుంది. అన్నట్టు, ఈ మందు దొరికింది మట్టిలోనే. జపాన్‌లో త్సుకుబా ప్రాంతపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1984లో తీశారు. అంతకుముందు వచ్చిన సైక్లోస్పోరిన్‌కు మూలం నార్వే మట్టిలోని బూజు. (కంటి అంచు తునకలకు ఈ మందుల బెడద లేదు. సొంత కంటివే కాబట్టి ఒళ్లు వాటిని పరాయివనుకోదు.)

వరి నాటిన మర్నాడు మడి చూస్తే దిగులేస్తుంది. మొక్కలు తలలు వాల్చి పసుపుపచ్చగా ఉంటాయి. వారం పది రోజులకు పచ్చబడి మూన తిరుగుతాయి. నాటు వేసిన రోజునే పంట చేతికొచ్చిందని ఏ రైతూ అనుకోడు. 'మార్పిడి' విన్న రోగి మాత్రం అనుకుంటాడు. బేరింగు మార్చాక గ్రీజు తప్ప ఇంకేం కావాలి అనుకుని, ఒంట్లో బాగుందని ఒక పూట మందు మానేస్తాడు. ఈ తప్పు పూర్తిగా అతనిది కాదు, మనం ఇచ్చిన మాటది కూడా.

పేపర్లు శీర్షికలో మార్పిడి అనే రాసుకోవచ్చు, అక్కడ చోటు తక్కువ. ఆసుపత్రుల్లో తెలుగు సమ్మతి పత్రాలు తయారుచేసేవారికి మాత్రం ఒక విన్నపం. సంతకం గీతకు పైన ఈ రెండు వాక్యాలు చేర్చండి: 'ఈ అవయవాన్ని మీ ఒంట్లో నాటుతున్నాం. అది బతకాలంటే మందులు ఒక్క పూట కూడా మానకూడదు.'