ఉమ్మడి దస్తావేజు – దివాలా

“ఐ.పి. పెట్టినాడట!” శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో ఈ మాట కర్థము తెలియనివారు అరుదు. అప్పులు తీర్చలేనివాడు కోర్టులో దాఖలుచేయు ఇన్సాల్వెన్సీ పిటిషనుకు జనులు పెట్టుకొన్న పొట్టిపేరది. ఆ వార్త వినినంతనే, అతనితో కలిసి ఇల్లు కొని, తరువాత విడాకులు పొందిన స్త్రీ గుండె ఝల్లుమనును. ఆమె భాగముకూడ పోవునా? దీనికి సమాధానము రెండు చరిత్రల కలయికలో నున్నది.

మొదటిది ఋణచరిత్ర. మద్రాసు నగరమునకు 1828లోనే దివాలా కోర్టు ఏర్పడినది. మనవంటి జిల్లాలకు ప్రత్యేక శాసనము 1907లో గాని రాలేదు. దాని స్థానమున 1920లో ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము వెలసినది. దాని ప్రకారము కోర్టు ఒకనిని దివాలాదారుగా తీర్మానించినంతనే అతని ఆస్తి కోర్టుకు గాని, రిసీవరుకు గాని సంక్రమించును.

రెండవది స్త్రీల ఆస్తిచరిత్ర. ధర్మశాస్త్రము ప్రకారము కరవు, రోగము వంటి ఆపదలలో భార్య స్త్రీధనమును భర్త వాడుకొనవచ్చును. అతని ఋణదాతలు మాత్రము దానిని ముట్టరాదు. ఇక విడాకులు కొన్ని కులములలో ఆచారముగా పూర్వమునుండియు కలవు. ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రములో నుండగా, 1949 నాటి శాసనము హిందువులకు కోర్టుద్వారా విడాకులు పొందు హక్కు నిచ్చినది. 1955లో హిందూ వివాహ చట్టము దేశమంతటికి అట్టి హక్కును కల్పించినది. మరుసటి యేటి వారసత్వ చట్టము స్త్రీని తన ఆస్తికి సంపూర్ణ యజమానురాలిని చేసినది.

ఈ రెండును కలిసినచోట తేలిన సూత్రమిది: రిసీవరుకు చేరునది దివాలాదారుని భాగమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, ఇరువురు కలిసి కొన్న ఆస్తిలో ఎవరి సొమ్ముకు తగిన భాగము వారిది. లెక్క తేలనిచో చెరిసగము. పదిలక్షల ఇంటికి ఆమె ఆరులక్షలిచ్చినట్లు రుజువైనచో ఆమెది ఆరుపాళ్లు.

అయినను చిక్కులు లేకపోలేదు. రిసీవరు పంపకము కోరవచ్చును. ఇరువురును చేవ్రాలు చేసిన తనఖా ఇంటిని వదలదు. విడాకుల డిక్రీ దానంతటదే దస్తావేజులోని పేర్లను మార్చదు. మాజీ భర్త తన భాగమును ఆమెకు దానముగా వ్రాసియిచ్చిన రెండేండ్లలోపల దివాలా పిటిషను పడినచో, ఆ దానము రిసీవరు ముందు నిలువజాలదు. సద్బుద్ధితో, తగిన ప్రతిఫలమునకు చేసిన బదిలీకే రక్షణ.

కావున విడిపోయిననాడే భాగపరిష్కార దస్తావేజు రిజిస్టరు చేయించుకొని, తాను చెల్లించిన సొమ్ముకు రశీదులు పదిలపరచుకొనుట ఆమెకు శ్రేయస్కరము.