ఆసరా అందని నాడీకణం

కోడిగుడ్డులో వారం రోజుల పిండం. దాని వెన్నుపాము పక్కనే పుట్టిన ఒక నాడీకణం తన పొడవాటి తంతువును చర్మం వైపు పంపింది. దారి తప్పలేదు. చేరాల్సిన చోటికే చేరింది. కాని అక్కడి కణాలు వదిలే నాడీ వృద్ధి కారకం, ఎన్‌జీఎఫ్, కాసింతే. వచ్చిన తంతువులేమో ఎన్నో. దీని వంతు రాలేదు. దాంతో అది చచ్చిపోయింది.

ఇలాంటి చావులను పట్టి చూసిన తొలితరం వారిలో రీటా లెవి-మోంటల్చీనిని తలుచుకోకుండా ఈ కథ చెప్పలేను. యూదు వనిత అన్న ఒక్క కారణంతో 1938 నాటి ఇటలీ జాతి చట్టాలు ఆవిడకు విశ్వవిద్యాలయం తలుపులు మూసేశాయి. తూరిన్‌లో పడకగదినే ప్రయోగశాల చేసుకున్నారు. కుట్టుసూదులను సానపట్టి పరికరాలుగా వాడారు. బాంబుదాడుల వల్ల పల్లెకు తరలిపోయాక కూడా రైతుల దగ్గర గుడ్లు అడిగి తెచ్చుకుని పని సాగించారు. అవయవం మొలవబోయే మొగ్గను పిండం నుంచి తీసేస్తే, అక్కడికి వెళ్లాల్సిన నాడీకణాలు పుట్టకుండా ఆగిపోవడం లేదు. పుట్టి, ఎదగడం మొదలుపెట్టి, ఆ తర్వాతే రాలిపోతున్నాయి. ఆ తేడాను గుర్తించింది ఆవిడ చూపే.

మన కణం పతనానికి బయటినుంచి శత్రువెవరూ రాలేదు. తన చావుకు కావలసిన ప్రొటీన్లను తానే తయారుచేసుకుంది. ఎలుక నాడీకణాల్లో ప్రొటీన్ల తయారీని ఆపి చూశారు, చావూ ఆగింది. మొదట బిమ్ అనే ప్రొటీన్ పుట్టుకొచ్చింది. అప్పటిదాకా బాక్స్ అనే మరో ప్రొటీన్‌ను అదుపులో పెట్టిన బీసీఎల్-2 లాంటి కాపలా ప్రొటీన్లను అది కట్టిపడేసింది. బాక్స్ మైటోకాండ్రియాల మీదికి చేరి వాటి బయటి పొరకు చిల్లులు పొడిచింది.

ఆ చిల్లుల్లోంచి బయటికొచ్చిన సైటోక్రోమ్ సి గురించే నా బాధంతా. కణం బతికినన్నాళ్లూ దాని శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లను మోసింది అదే. గడప దాటగానే అపాఫ్-1 అనే ప్రొటీన్‌ను తట్టి లేపిందీ అదే. ఏడు అపాఫ్-1 అణువులు చక్రంలా కూడాయి. ఆ చక్రం మీద కాస్పేజ్-9 అనే ఎంజైమ్ మేల్కొంది. అది కాస్పేజ్-3ను కోసి రంగంలోకి దింపింది. ఆపైన అడ్డేముంది? కణాన్ని నిలబెట్టే పోగులు తెగాయి. డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్‌ను అంతవరకూ పట్టి ఉంచిన ప్రొటీన్ కూడా తెగింది. పొరకు లోపలి వైపున ఉండాల్సిన ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు బయటి వైపుకు తిరిగి, ఇక తీసుకుపొమ్మని చుట్టుపక్కల కణాలకు చెప్పింది. అవి వచ్చి మింగేశాయి. వాపు లేదు, మచ్చ లేదు.

పోటీకి తట్టుకోలేని బలహీన కణమే పోయిందనుకుంటే దానికి అన్యాయం చేసినట్టే. బాక్స్ జన్యువు లేని చిట్టెలుకల నాడీకణాలకు ఎన్‌జీఎఫ్ అందకుండా చేసి చూశారు. అవి చావలేదు. కుంచించుకుపోయి, రోజుల తరబడి ప్రాణం నిలుపుకున్నాయి. మళ్లీ ఎన్‌జీఎఫ్ అందించాక వాటి ఒళ్లు పెరిగింది, కొత్త తంతువులు చాచాయి.