కృష్ణా దిగువ డెల్టాలో పెరటి తోటలు

గుడివాడ–మచిలీపట్నం రైలు మార్గం మీది గుడ్లవల్లేరు మొదలు దివిసీమ దాకా ఉన్న పల్లపు ప్రాంతంలో పెరటి తోట చరిత్ర చాలావరకు నీటి చరిత్రే. ఇక్కడిది బంకమట్టి రేగడి. సముద్రం దగ్గరపడేకొద్దీ భూగర్భ జలంలో ఉప్పు పెరుగుతుంది. వేసవిలో నీరు చాలకపోవడం ఒక ఇబ్బందైతే, వానాకాలంలో వేళ్ల దగ్గర నీరు నిలిచిపోవడం అంతకు మించిన ఇబ్బంది. అందుకే ఇల్లు కట్టే ముందు చెరువు మట్టి తోలించి స్థలాన్ని మెరక చేసుకుంటారు. తోట కూడా ఆ మెరక మీదే.

ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు ఆలయం ఉంది. కళింగ దండయాత్ర దారిలో ఇక్కడ బస చేసినప్పుడే స్వామి కలలో కనిపించి ‘ఆముక్తమాల్యద’ రాయమన్నాడని కృష్ణదేవరాయలు ఆ కావ్యంలో చెప్పుకున్నాడు. అందులో విష్ణుచిత్తుడికి గోదాదేవి దొరికింది తులసి వనంలోనే. ఆ వనం శ్రీవిల్లిపుత్తూరుది కాబట్టి మన పెరళ్లకు దాన్ని సాక్ష్యంగా నిలబెట్టలేం. తులసికోట, మందారం, నందివర్ధనం పూజ కోసమే ఇళ్లలో చేరాయన్నది మాత్రం నిజం. మిరప, జామ, బొప్పాయి అమెరికా ఖండాల మొక్కలు. పోర్చుగీసు ఓడల కాలం తర్వాతే మన నేలకు వచ్చాయి.

1832–33 నాటి డొక్కల కరువు ఈ ప్రాంతాన్ని కుదిపేసింది. కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువల కింద వరి విస్తరించింది. గడ్డితో పశువులు, పశువులతో పేడ, పేడతో పెరడు బాగుపడ్డాయి. వేసవిలో కాలువలు కట్టేసే లోపు ఊరి చెరువు నింపుకునేవారు.

ఆనాటి పెరట్లో ఏదీ వృథా కాదు. అంట్లు తోమిన నీరు, స్నానాల నీరు చిన్న బోదె గుండా అరటి, కొబ్బరి పాదుల్లోకి పోయేవి. పాక పక్కన పెంటకుప్ప. పొయ్యి బూడిద చిక్కుడు తీగ మీద చల్లితే పేనుబంక కొంత తగ్గేది. తాటాకు దడి మీద ఆనప, పందిరి మీద బీర, పొట్ల. పొట్లకాయ వంకర పోకుండా కొసకు రాయి కట్టి వేలాడదీసేవారు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టడం ఇప్పటికీ ఉంది.

తుఫాన్లు ఈ తోటలను పలుమార్లు తుడిచిపెట్టాయి. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో 10,000 మందికి పైగా చనిపోయారు. 1977 తర్వాత తీరం వెంట గాలికి అడ్డుగా సరుగుడు పెంచారు. చౌడు నేలను బాగు చేయడానికి రైతులు జీలుగ చల్లి, పూత సమయానికి కలియదున్నుతారు. జీలుగ ఉప్పునూ ముంపునూ తట్టుకుంటుంది.

హరిత విప్లవంతో యూరియా, పురుగుమందులు పొలం నుంచి పెరట్లోకీ వచ్చాయి. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు పోయాయి, వాటితోపాటే పెంటకుప్పా పోయింది. వాకిళ్లు సిమెంటు గచ్చులయ్యాయి. చేపల, రొయ్యల చెరువులు పెరిగిన గ్రామాల్లో ఉప్పు సమస్య ముదిరింది. కొత్త మేడల ముందు లాన్లు, కడియం నర్సరీల అలంకరణ మొక్కలు వెలిశాయి. లాను ఈ బంకమట్టికి నప్పదు: వానాకాలంలో కుళ్లుతుంది, వేసవిలో మంచినీళ్లు తాగుతుంది. అదే చోట కరివేపాకు, గోంగూర, బచ్చలి వేసుకుంటే కూర ఖర్చయినా తగ్గుతుంది.

పాత పద్ధతి కొత్త పేరుతో తిరిగి రావడం 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల ద్వారా మొదలైన పురుగుమందులు లేని సాగుతో. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని విస్తరించింది. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన జీవామృతానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి 48 గంటలు నీడలో పులియబెడతారు. పెరటికి ఇందులో పదో వంతు చాలు. ఆవు లేని ఇంట్లో వంటింటి చెత్త కంపోస్టే దిక్కు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ పురస్కారాన్ని మరో ఇద్దరితో కలిసి అందుకుంది.

ఈ ప్రాంతంలో కొత్తగా తోట వేసేవారు మొక్కలు కొనే ముందే బోరు నీటిలో ఉప్పు ఎంతుందో పరీక్ష చేయించుకోవాలి.