గన్నేరు చిమ్మట

గన్నేరు చిమ్మట, శాస్త్రీయంగా డాఫ్నిస్ నెరీ, స్ఫింజిడే కుటుంబానికి చెందిన నిశాచర కీటకం. 1758లో లిన్నేయస్ దీన్ని స్ఫింక్స్ నెరీగా వర్ణించాడు. హైదరాబాదులో అబిడ్స్, నాంపల్లి వంటి ఇరుకు పేటలు కూడా దీనికి అనువైనవే. గొంగళిపురుగు తినే గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు అక్కడి ముంగిళ్లలోనూ పెరుగుతాయి. గన్నేరు విషం కదా అనవచ్చు. పశువులను చంపగల ఆ ఆకులనే ఈ పురుగు తిని అరాయించుకుంటుంది. పూల ముందు గాలిలో నిలిచి తేనె పీల్చే తీరు పిట్టను తలపించినా, పొలుసుల రెక్కలు, చుట్టుకునే తొండం ఆ భ్రమను తీరుస్తాయి. రెక్కలు విప్పితే 9–11 సెం.మీ.; ముదురు, లేత ఆకుపచ్చల నడుమ గులాబీ, తెలుపు చారలుంటాయి. ఎదిగిన పచ్చని గొంగళిపురుగు తల వెనుక నీలి అంచుతో రెండు తెల్లని మచ్చలు కళ్లలా కనిపిస్తాయి. అసలు కళ్లు తలకు ఇరుపక్కలా సన్నని చుక్కల్లా ఉంటాయి.