పేరున్న వీరుడు, పేరు లేని కర్త



కథలోని వీరునిపై లోకమునకు గల మక్కువ క్రొత్తది కాదు. మన పల్లెలలో తోలుబొమ్మలాట చూచి తెల్లవారుజామున ఇండ్లకు మరలువారు హనుమంతుని గూర్చియు భీముని గూర్చియు తమ బంధువుల ముచ్చట వలెనే చెప్పుకొనుచు పోయెడివారు. ఆ తోలును కోసి రంగులు దిద్దినవాని పేరడుగువారు మాత్రము అరుదు. ఈ మఱపును గూర్చియే నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిని.

అమెరికా దేశమున బొమ్మల కథల పుస్తకములకు ఆదరము మెండు. వానిలో 1938వ సంవత్సరమున సూపర్‌మ్యాన్ అను వీరుడు వెలసెను. క్రిప్టాన్ అను గ్రహము బ్రద్దలగు వేళ తండ్రి తన శిశువును వ్యోమనౌకలో నుంచి భూమికి పంపెననియు, అతనిని ఇచ్చటి దంపతులు పెంచిరనియు కథ. ఇది వినినప్పుడు మనకు కర్ణుని పెట్టెయు, కృష్ణుని రేపల్లెయు జ్ఞప్తికి రాక మానవు. ఆ పేరు మనవారికిని సుపరిచితమే; 1980లో ఎన్.టి. రామారావుగారు సూపర్‌మ్యాన్ అను తెలుగు చలనచిత్రమున నటించిరి.

ఆ వీరుని కల్పించినవారు క్లీవ్‌లాండ్ పట్టణపు యువకులు ఇద్దరు. కథ జెర్రీ సీగెల్‌ది; బొమ్మ జో షుస్టర్‌ది. తొలి కథతో పాటు ఆ వీరునిపై సర్వహక్కులను వారు 130 డాలర్లకు వ్రాసియిచ్చిరి. వీరుడు ప్రకాశకులకు అపారముగా ధనము గడించి పెట్టెను. కర్తలు 1947లో న్యాయస్థానమునకు ఎక్కిరి. అటుపిమ్మట వారి పేర్లు సహితము పుటల నుండి తొలగిపోయెను. వార్ధక్యమున వారి దైన్యము పత్రికలలో వెల్లడి కాగా, తోటి చిత్రకారులు వారి పక్షమున నిలువగా, 1975 డిసెంబరులో ఏటికి 20,000 డాలర్ల భరణమును, కథలపై వారి పేర్లును తిరిగి ఏర్పడెను. పిల్లలు ఆ వీరుని ఎన్నడును మఱువలేదు. మఱపునకు గుఱియైనవారు కర్తలే.

కలహము లేకున్నను, మఱపు విషయమున మన తెలుగుదేశమునను ఇట్టి వృత్తాంతము కలదు. 1947 జూలైలో మదరాసున చందమామ పత్రిక పుట్టెను. దానిని నెలకొల్పిన ఇద్దరిలో చక్రపాణిగారు తెనాలివారు. బొమ్మిరెడ్డి నాగిరెడ్డిగారు మన కడప జిల్లావారు. 1954లో ఆ పత్రికయందు తోకచుక్క అను ధారావాహిక మొదలయ్యెను. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు అందు కథానాయకుడు. ఆకసమున ధూమకేతువు పొడసూపుట, ఓడల ప్రయాణము, ఏకాక్షి, చతుర్నేత్రుడు అను మాంత్రికుల నడుమ సేనాని చిక్కుపడుట, ఇవన్నియు నెలనెలకు సాగినవి. పడమటి వీరునికి యంత్రమెట్టిదో మన వీరునికి మంత్రమట్టిది. వినువాడు ‘తరువాత ఏమాయెను?’ అని అడుగుట మాత్రము రెండుచోట్లను ఒక్కటే. చిత్రా అను సంతకముతో వెలువడిన బొమ్మలు ఆ అడుగుటకు మఱింత ఆతురత కూర్చెను.

నా చిన్ననాట మా వీరపునాయునిపల్లెలో ఒక చందమామ వచ్చినచో, అది పది ఇండ్లు తిరిగి, అట్ట ఊడి, మూలలు చుట్టుకొనిన పిదప గాని సొంతదారుని చేరెడిది కాదు. కొందఱు పాత సంచికల నుండి ధారావాహిక పుటలను మాత్రము విడదీసి, దబ్బనముతో కుట్టి, దాచుకొనెడివారు. చదువురాని పెద్దలు అరుగుపై కూర్చుండి మాచేత చదివించుకొనెడివారు. ఇంత ప్రీతితో చదివిన మాలో ఒక్కడైనను దీనిని వ్రాసినవారెవరని అడిగి యెఱుగడు. అడిగినను చెప్పుటకు ఆ పుటలపై కర్త పేరు లేదు.

ఆ కర్త దాసరి సుబ్రహ్మణ్యముగారు. తెనాలి ప్రాంతమున పుట్టి, 1952లో చందమామ కార్యాలయమున చేరి, అర్ధశతాబ్దమునకు మించి అందే పనిచేసిరి. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, పాతాళదుర్గం మొదలుగా పండ్రెండు ధారావాహికలు ఆయనవి. ఆయన 2010లో కీర్తిశేషులైరి. చందమామ అచ్చును తరువాత కొలది యేండ్లకు నిలిచిపోయెను. అప్పటికే అభిమానులు పాత సంచికలను వెదకి తెచ్చి, పుట పుటను యంత్రములతో ప్రతులు తీసి, కంప్యూటర్లలో భద్రపఱచి, ఒకరికొకరు పంచుకొనుచుండిరి. ఆ ధారావాహికలు కర్త పేరుతో గ్రంథములుగా వెలువడుటకును ఇట్టివారి మక్కువయే తోడ్పడినది. బాల్యమున సమరసేనుని ప్రేమించినవారే నెఱసిన జుట్టుతో దాసరివారి ఋణము తీర్చుకొనిరి.

‘కర్త పేరేల? మన చాటువులలో అనేకము కర్తృత్వము తెలియకయే నిలువలేదా?’ అని పండితులు కొందఱు అందురు. ఆ మాట నేనును గురువుల యొద్ద వినినదే. కాని పేరు వ్రాసికొనకుండుట కర్త వినయమైనచో కావచ్చును. పేరడుగకుండుట పాఠకుని వినయము కాదు. ఆ రెంటిని ఒక్కటిగా ఎంచరాదు. ప్రతిఫలము చాలనివానికి పేరొక్కటియే కూలి.

ఈ పనికి మన జిల్లాయే పూర్వము దారి చూపినది. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి.పి. బ్రౌనుదొర ఊరూర తాళపత్రములు సేకరించి, పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. ఆయన పేరిట కడపలో భాషాపరిశోధన కేంద్రము నేడును కలదు. పాత చందమామల ప్రతులు తీసిన అభిమానులు తెలిసియో తెలియకయో ఆ వ్రాయసకాండ్ర పనినే చేసిరి.

కావున పెద్దలకు నా మనవి ఇది. మీ అటకలపై పాత సంచికలున్నచో తూకమునకు అమ్మకుడు. చెదలు దులిపి, వరుస కూర్చి, బడికో గ్రంథాలయమునకో ఇండు. మీ ఊరి కోలాటపు పాటను, చెక్కభజన పాటను మనుమలకు నేర్పునప్పుడు, దానిని కట్టినవారి పేరు మీకు తెలిసినచో ఆ పేరును నేర్పుడు. మీ తరము దాటినచో ఆ పేరు చెప్పగలవారు మఱి లేరు.